రోజుకో ట్రేడ్... ఏడాదికి ఏం మిగులుతుంది?

ఉదయం తొమ్మిదింపావు. అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజిసర్కిల్ దగ్గరో ఒక హాస్టల్ గది. కోచింగ్ క్లాసు పదింటికి. ఈలోపు చేతిలో ఫోను, దాని తెర మీద ఎరుపూ ఆకుపచ్చా గీతలు. నిన్న ఎనిమిది వందలు సంపాదించానని పక్క మంచం మిత్రుడు స్క్రీన్‌షాట్ చూపించాడు. ‘రోజుకు ఐదొందలు వచ్చినా చాలు. హాస్టల్ ఫీజు నేనే కట్టుకుంటా. ఇంటికి ఫోన్ చేసి అడగక్కర్లేదు’. నోటిఫికేషన్ కోసమో, ఆఫర్ లెటర్ కోసమో ఎదురుచూస్తున్న చాలామందికి ఈ ఆలోచన ఒక్కసారైనా వచ్చే ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు భారం కాకూడదనుకోవడంలో తప్పేమీ లేదు. తేలాల్సింది ఒక్కటే: లెక్క కుదురుతుందా? డే ట్రేడింగ్‌తో డబ్బు మిగులుతుందా? కొని ఏళ్ల తరబడి దాచుకోవడం కంటే ఇది నయమా? ఎవరి అనుభవాలో వినడం కంటే అంకెలు చూడటం మేలు. అవి ఇప్పుడు మన దగ్గర బాగానే ఉన్నాయి.

రెండూ మార్కెట్టే... దారులు వేరు

ఒక షేరును ఉదయం కొని అదే రోజు మధ్యాహ్నం మూడున్నరలోపు అమ్మేయడం ఇంట్రాడే ట్రేడింగ్. ముందు అమ్మి తర్వాత కొనొచ్చు కూడా. రోజు ముగిసేసరికి మీ ఖాతాలో షేర్లేమీ ఉండవు. మీరు మరచిపోయినా బ్రోకరే పొజిషన్‌ను మూసేస్తాడు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఇంకో రకం. అక్కడ షేరు కాదు, షేరు ధరతోనో సూచీతోనో ముడిపడిన కాంట్రాక్టు చేతులు మారుతుంది. దీర్ఘకాలిక పెట్టుబడి అంటే కంపెనీలో చిన్న భాగం కొని, ఐదేళ్లో పదేళ్లో ఆ వ్యాపారంతోపాటు సాగడం.

గుంటూరు మిర్చి యార్డును తలచుకోండి. తోట వేసిన రైతుకు పంట రూపంలో కొత్త సంపద వస్తుంది. ధర కాస్త అటూ ఇటూ అయినా మొక్క కాయ కాసింది. అదే యార్డులో ఉదయం బస్తా కొని సాయంత్రం అమ్మే వ్యక్తికి బస్తాలో ఒక్క కాయ కూడా పెరగదు. అతనికి లాభం రావాలంటే ధర మారాలి, అదీ అతను అనుకున్న వైపే మారాలి. తరతరాలుగా యార్డులో ఉన్న వ్యాపారికి సరుకు నాణ్యత తెలుసు, కోల్డ్ స్టోరేజీ అందుబాటులో ఉంటుంది, ఎగుమతిదారులతో పరిచయాలుంటాయి. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికి అవేవీ ఉండవు.

షేర్లలోనూ అంతే. కంపెనీ లాభాలు పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఆరు గంటల్లో కంపెనీ ఏమీ పెరగదు. ఇంట్రాడేలో మీ లాభం చాలావరకు ఎదుటి ట్రేడర్ చేసిన పొరపాటు. ఎఫ్ అండ్ ఓలో అయితే అది పూర్తిగా అంతే: ఒకరి జేబులోంచి పోయిందే ఇంకొకరి జేబులోకి వస్తుంది. మధ్యలో బ్రోకరు, ఎక్స్ఛేంజీ, ప్రభుత్వం తమ వాటా తీసుకుంటాయి.

సెబీ లెక్కలు ఏం చెబుతున్నాయి?

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 జూలైలో ఇంట్రాడే ట్రేడింగ్‌పై ఒక అధ్యయనం విడుదల చేసింది. 2022-23 ఆర్థిక సంవత్సరంలో షేర్లలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని అందులో తేలింది. మీకు సంబంధించిన అంకెలు రెండు ఉన్నాయి. మొదటిది: ఈ ట్రేడర్లలో 30 ఏళ్లలోపువారి వాటా 2018-19లో 18 శాతమే ఉంటే, 2022-23 నాటికి 48 శాతానికి చేరింది. రెండోది: ఈ వయసువారిలో నష్టపోయినవారు 76 శాతం. అంటే మొత్తం సగటు కంటే ఎక్కువ.

‘ఎక్కువసార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది’ అనే మాట వినే ఉంటారు. ఏడాదిలో 500 కంటే ఎక్కువ ట్రేడ్లు చేసినవారిలో నష్టపోయినవారు 80 శాతం. చేసే కొద్దీ నష్టపోయేవారి శాతం తగ్గలేదు, పెరిగింది.

ఎఫ్ అండ్ ఓ పరిస్థితి ఇంకా దారుణం. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటిందని 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించింది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు ఒక్క శాతమే. మొత్తం వ్యక్తిగత ట్రేడర్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా తమ ఏడాది ఆదాయం రూ.5 లక్షల లోపేనని చెప్పినవారు. నష్టపోయినవారిలోనూ నాలుగింట మూడొంతుల మందికి పైగా మళ్లీ ట్రేడింగ్ కొనసాగించారు.

ఆ తర్వాత సెబీ నిబంధనలు బిగించింది. 2024 నవంబరు నుంచి సూచీ కాంట్రాక్టుల కనీస విలువను రూ.15 లక్షలకు పెంచింది. వారంవారీ ఎక్స్‌పైరీలను ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒక్క సూచీకే పరిమితం చేసింది. అయినా 2025 జూలైలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2024-25లో వ్యక్తిగత ట్రేడర్లలో 91 శాతం మందికి నష్టాలే. మొత్తం నికర నష్టం రూ.1,05,603 కోట్లు. అంతకుముందు ఏడాది ఇది రూ.74,812 కోట్లు.

రూ.20 వేలతో మొదలుపెడితే...

పెద్ద అంకెలు పక్కనపెట్టి మన హాస్టల్ కుర్రాడి దగ్గరికి వద్దాం. అతని దగ్గర రూ.20 వేలు ఉన్నాయనుకుందాం. ఇంట్రాడేలో గరిష్ఠంగా ఐదు రెట్ల మార్జిన్ దొరుకుతుంది. అంటే రూ.లక్ష విలువైన షేర్లు కొని, అదే రోజు అమ్మొచ్చు. రోజుకు ఒక్క ట్రేడే చేస్తాడనుకుందాం. షేరు కొన్న ధరకే అమ్ముడుపోయింది, లాభం లేదు, నష్టం లేదు అనుకుందాం. అప్పుడు ఖర్చెంత?

చాలా డిస్కౌంట్ బ్రోకర్ల దగ్గర ఆర్డరుకు రూ.20 చొప్పున కొనడానికి, అమ్మడానికి కలిపి బ్రోకరేజీ రూ.40. అమ్మకం విలువపై 0.025 శాతం చొప్పున ఎస్‌టీటీ, అంటే సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్, రూ.25. ఎక్స్ఛేంజీ చార్జీలు సుమారు రూ.6. కొనుగోలుపై స్టాంప్ డ్యూటీ రూ.3. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజీ చార్జీలపై 18 శాతం జీఎస్టీ సుమారు రూ.8. మొత్తం రూ.82.

‘ఎనభై రెండేగా, టిఫిన్ ఖర్చు’ అనిపిస్తుంది. ఏడాదికి దాదాపు 250 రోజులు మార్కెట్ తెరిచి ఉంటుంది. 250 సార్లు 82 అంటే రూ.20,500. పెట్టుబడి రూ.20 వేలు, ఏడాది ఖర్చులు రూ.20,500! రోజుకు ఒక్క ట్రేడ్‌తోనే అసలంతా చార్జీలకు సరిపోయింది. ఈ కుర్రాడు ఏడాది చివర రూ.20 వేలతోనే మిగలాలన్నా, ముందు పెట్టుబడిపై నూరు శాతానికి పైగా లాభం తేవాలి. అప్పుడతను మొదలుపెట్టిన చోట నిలబడతాడు.

రోజుకు ఐదొందలు మిగలాలంటే? 250 రోజులకు రూ.1.25 లక్షలు. రూ.20 వేల మీద అది ఏటా 625 శాతం రాబడి. ప్రపంచంలో పేరున్న ఫండ్ మేనేజర్లెవరూ ఇలాంటి రాబడిని లక్ష్యంగా పెట్టుకోరు. కోరిక చిన్నదే, ‘రోజుకు ఐదొందలే’. దాని వెనక ఉన్న శాతం మాత్రం అసాధారణం.

మార్జిన్ సంగతి కూడా చూడాలి. ఐదు రెట్లు తీసుకున్నప్పుడు షేరు రెండు శాతం తగ్గితే మీ సొంత డబ్బులో పది శాతం పోతుంది. షేర్లలో రెండు శాతం కదలిక మామూలు విషయం. అలాంటి రోజులు ఐదు వస్తే రూ.20 వేలు రూ.12 వేల దగ్గరికి దిగుతాయి. మళ్లీ 20కి చేరాలంటే 66 శాతానికి పైగా లాభం కావాలి. పోయినంత తేలిగ్గా తిరిగి రాదు.

సెబీ అధ్యయనం కూడా ఇదే చెబుతోంది. 2022-23లో ఇంట్రాడేలో నష్టపోయినవారు, ఆ నష్టం చాలదన్నట్టు, అందులో 57 శాతానికి సమానమైన డబ్బును అదనంగా ట్రేడింగ్ ఖర్చులకే పెట్టారు. లాభపడినవారి లాభంలోనూ 19 శాతం ఖర్చులకు పోయింది. పేకాటలో ఎవరు గెలిచినా ఆడించేవాడికి వాటా దక్కుతుంది. ఇక్కడా అంతే.

‘మరి వాడికి లాభాలొచ్చాయిగా!’

పదిమందిలో ఏడుగురు నష్టపోతే ముగ్గురు లాభపడ్డట్టే కదా, ఆ ముగ్గురిలో నేనెందుకు ఉండకూడదు? న్యాయమైన ప్రశ్నే. కొందరికి లాభాలు వస్తాయి. అయితే ఆ లాభం నైపుణ్యంతో వచ్చిందా, అదృష్టంతోనా అన్నది ఒక్క ఏడాదిలో తేలదు.

వెయ్యి మందిని నిలబెట్టి తలా ఐదుసార్లు నాణెం ఎగరేయమంటే, సుమారు 31 మందికి ఐదుసార్లూ బొమ్మే పడుతుంది. వాళ్లకు నాణెం గురించి ఏ విద్యా తెలియదు. ఆ 31 మందిలో ఒకరు యూట్యూబ్ ఛానల్ పెట్టి ‘నా స్ట్రాటజీ’ అని పాఠం మొదలుపెడితే మనం నోట్స్ రాసుకుంటాం. మిగతా 969 మంది స్క్రీన్‌షాట్లు ఏ గ్రూపులోనూ కనిపించవు. మీ పక్క మంచం మిత్రుడు కూడా ఎనిమిది వందలు వచ్చిన రోజే ఫోన్ చూపించాడు, పన్నెండొందలు పోయిన రోజు దుప్పటి కప్పుకొని పడుకున్నాడేమో!

అందుకే పరిశోధకులు పట్టువదలకుండా ఏళ్ల తరబడి చేసినవాళ్లనే చూశారు. బ్రెజిల్‌లో 2013-15 మధ్య సూచీ ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ మొదలుపెట్టి, 300 రోజులకు పైగా కొనసాగించినవారిని సావోపాలో పరిశోధకులు లెక్కగట్టారు. వారిలో 97 శాతం మంది నష్టపోయారు. ఆ దేశ కనీస వేతనం కంటే ఎక్కువ సంపాదించినవారు 1.1 శాతమే. అనుభవం పెరిగే కొద్దీ ఫలితాలు మెరుగయ్యాయనడానికి ఆధారం దొరకలేదు. తైవాన్‌లో ఏళ్ల తరబడి డేటా పరిశీలించిన మరో అధ్యయనంలో, ఖర్చులు పోను స్థిరంగా లాభం తేగలిగిన డే ట్రేడర్లు ఒక శాతం లోపేనని తేలింది.

కాబట్టి ‘డే ట్రేడింగ్‌లో లాభం అసాధ్యం’ అనలేం. సాధ్యమే. కానీ జీతంలా నెలనెలా ఆధారపడగలిగిన లాభం నూటికి ఒకరికి దొరకడం కష్టం. సివిల్స్‌కు ఎన్నేళ్లు ప్రయత్నించినా చదివిన చదువు మిగులుతుంది. ఇక్కడ అది కూడా అనుమానమే.

ఎదుటి వైపు ఎవరున్నారు?

మీరు ఫోన్‌లో ‘బై’ నొక్కినప్పుడు అవతల ‘సెల్’ నొక్కేది ఎవరు? చాలాసార్లు అక్కడ మనిషే ఉండడు. 2023-24లో ఎఫ్ అండ్ ఓలో వ్యక్తులు ఖర్చులు లెక్కించకముందే రూ.61 వేల కోట్లకు పైగా పోగొట్టుకున్నారు. అదే ఏడాది బ్రోకింగ్ సంస్థల సొంత ట్రేడింగ్ విభాగాలు సుమారు రూ.33 వేల కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్లు రూ.28 వేల కోట్లు లాభం చూశారు. అటు పోయింది, ఇటు వచ్చింది, కూడి చూడండి. విదేశీ ఇన్వెస్టర్ల లాభంలో 97 శాతం, సంస్థల లాభంలో 96 శాతం కంప్యూటర్ అల్గారిథమ్‌ల ట్రేడింగ్‌తోనే వచ్చిందని సెబీ చెప్పింది. ఎక్స్ఛేంజీ సర్వర్ల పక్కనే యంత్రాలు పెట్టుకుని సెకనులో అతి చిన్న భాగంలో ఆర్డర్లు పంపేవారితో హాస్టల్ వైఫై పోటీపడాలి.

2025 జూలైలో అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్‌పై సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు గుర్తుండే ఉంటుంది. బ్యాంక్ నిఫ్టీ సూచీని ప్రభావితం చేసి ఆప్షన్స్‌లో లాభపడిందన్న ఆరోపణతో సుమారు రూ.4,844 కోట్లు జమ చేయమని ఆదేశించింది. ఆరోపణలను ఆ సంస్థ ఖండించి అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు ఏమైనా, ఆ మైదానంలో ఎంత పెద్దవాళ్లు ఆడుతున్నారో అర్థమవుతుంది.

దీర్ఘకాలమైతే గ్యారంటీనా?

ఇక్కడా నిజం చెప్పుకోవాలి. గ్యారంటీ లేదు. నిఫ్టీ-50 సూచీ ఆధార తేదీ 1995 నవంబరు 3, విలువ 1000. 2024 డిసెంబరు ఆఖరుకు అది 23,600 దాటింది. డివిడెండ్లు కలపకుండానే ఏటా సగటున 11 శాతం పైచిలుకు వృద్ధి. చూడటానికి నున్నటి రోడ్డులా ఉంది కానీ నడిచినవాళ్లకు గోతులు తెలుసు. 2003 ఏప్రిల్‌లోనూ సూచీ 1000కి కిందే ఉంది. అంటే ఏడేళ్లకు పైగా ఎదురుచూసినా ఏమీ రాలేదు. 2020 జనవరిలో 12,400 దగ్గరున్నది కరోనా దెబ్బకు మార్చిలో 7,600కు పడింది. నవంబరుకల్లా తిరిగి లేచింది. మధ్యలో భయపడి అమ్మినవాళ్లకు నష్టమే మిగిలింది.

ఒక్క కంపెనీనే నమ్ముకోవడం ఇంకా ప్రమాదం. హైదరాబాద్‌కు ఇది చెప్పనక్కర్లేదు. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్ అవార్డు అందుకున్న సత్యం కంప్యూటర్స్ షేరు, లెక్కల్లో లేని నగదును ఉన్నట్టు చూపామని ఛైర్మన్ లేఖ బయటికొచ్చిన 2009 జనవరి 7న ఒక్కరోజే సుమారు 78 శాతం పడిపోయింది. ఉద్యోగం, పొదుపు రెండూ ఆ కంపెనీలోనే పెట్టుకున్న కుటుంబాల పరిస్థితి ఊహించుకోవచ్చు. అందుకే యాభై కంపెనీలను ఒకేసారి కొనిపెట్టే ఇండెక్స్ ఫండ్లను మొదటి మెట్టుగా సూచిస్తారు.

అయినా పోలిక ఎటు మొగ్గుతుంది? దీర్ఘకాలిక పెట్టుబడిలో ఖర్చు కొన్నప్పుడు ఒకసారి, అమ్మినప్పుడు ఒకసారి. కంపెనీల లాభాల్లో వాటా ఉంటుంది. ఎదుటివాడు ఓడితేనే మీరు గెలవాలనే షరతు లేదు. పన్నులోనూ తేడా ఉంది. లిస్టెడ్ షేర్లను ఏడాదికి మించి ఉంచితే, ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షల వరకు లాభంపై పన్ను లేదు, ఆపై 12.5 శాతం. ఇంట్రాడే లాభం స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయం. నష్టం వస్తే దాన్ని ఇతర ఆదాయంలోంచి తీసేయడానికి వీల్లేదు. స్పెక్యులేటివ్ లాభంతోనే, అదీ నాలుగేళ్లలోపే సర్దుకోవాలి. రిటర్ను కూడా మామూలు ఉద్యోగి వేసే తేలిక ఫారం కాదు, వ్యాపార ఆదాయానికి వేసే ఫారం.

అసలు పెట్టుబడి మీ దగ్గరే ఉంది

ఇంతవరకూ చదివి ‘సరే, ఆ 20 వేలు ఇండెక్స్ ఫండ్‌లో పెడతా’ అనుకుంటే ఇంకో లెక్క చూడండి. ఏటా 11 శాతం చొప్పున రూ.20 వేలకు ఏడాదికి వచ్చేది రూ.2,200. నెలకు రూ.183. ఫోన్ రీచార్జికి కూడా చాలదు. చిన్న మొత్తానికి డే ట్రేడింగూ జీతం ఇవ్వదు, దీర్ఘకాలిక పెట్టుబడీ ఇవ్వదు. ఈ వాదనలో చాలామంది వదిలేసే విషయం ఇదే.

మరి ఏది ఇస్తుంది? మీ మొదటి ఉద్యోగంలో నెలకు రూ.5 వేలు ఎక్కువ జీతం వచ్చేలా తయారయ్యారనుకోండి. ఏడాదికి రూ.60 వేలు. 11 శాతం రాబడితో అంత రావాలంటే దాదాపు రూ.5.5 లక్షల పెట్టుబడి కావాలి. మీ వయసులో అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. కానీ అంత విలువ తెచ్చిపెట్టే సమయం మాత్రం అందరి దగ్గరా ఉంది. ఉదయం తొమ్మిదింపావు నుంచి మూడున్నర వరకు అంటే రోజుకు ఆరుంపావు గంటలు. చదువుకునే మనిషికి మెదడు చురుగ్గా ఉండే సమయమంతా అదే. తెర మూసినా బుర్రలో గీతలు కదులుతూనే ఉంటాయి. సాయంత్రం మాక్ టెస్టు ముందు కూర్చుంటే మధ్యాహ్నం పోయిన పన్నెండొందలే గుర్తొస్తాయి.

రూ.82 చార్జీ కాంట్రాక్ట్ నోట్‌లో కనిపిస్తుంది. ఈ ఆరు గంటల చార్జీ ఏ నోట్‌లోనూ కనిపించదు. రేపు ఇంటర్వ్యూలో ‘డిగ్రీ అయ్యాక ఈ రెండేళ్లూ ఏం చేశారు?’ అని అడిగినప్పుడు బయటపడుతుంది.

ఇప్పుడేం చేయొచ్చు?

ఫీజు డబ్బు, హాస్టల్ డబ్బు, ఇంటి నుంచి వచ్చిన డబ్బు మార్కెట్లో పెట్టొద్దు. ఏడాదిలోపు అవసరమయ్యే ఏ రూపాయికీ షేర్లు తగిన చోటు కాదు. బ్యాంకు డిపాజిట్ చాలు.

లోన్ యాప్‌లో, స్నేహితుల దగ్గర అప్పు చేసి ట్రేడింగ్ వద్దే వద్దు. పోయింది రాబట్టుకోవాలన్న తొందరే రెండో నష్టానికి మొదలు.

ఇప్పటికే చేస్తున్నారా? అయితే ఇవాళే మీ బ్రోకర్ యాప్‌లో మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా లాభనష్టాల నివేదిక, చార్జీలతో కలిపి డౌన్‌లోడ్ చేయండి. గుర్తున్న లాభాలు కాకుండా కింద కనిపించే మొత్తం చూడండి. ఆ ఒక్క అంకె ఈ వ్యాసం కంటే గట్టిగా చెబుతుంది.

ఆసక్తి చావకపోతే ఆరు నెలలు కాగితం మీద ట్రేడ్ చేయండి. ప్రతిదానికీ రూ.82 ఖర్చు తీసేయడం మరచిపోవద్దు. కాగితం మీదే మిగలనిది ఖాతాలో మిగలదు.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘గ్యారంటీ టిప్స్’ నమ్మొద్దు. సలహా ఇచ్చేవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూడండి. మార్కెట్ పాఠాలు చెప్పేవారు గత మూడు నెలల ధరల డేటా వాడకూడదని 2025 జనవరిలో సెబీ స్పష్టం చేసింది. కాబట్టి లైవ్‌లో ‘ఇది కొనండి’ అంటున్నది పాఠం కాదు, సలహా. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దొరికే అవకాశం తగ్గుతుంది.

మొదటి జీతం వచ్చాక మొదలుపెట్టండి. ముందు మూడు నాలుగు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టి, తర్వాత నెలకు రూ.2 వేల సిప్‌తో ఆరంభించినా చాలు. ఏటా 10 శాతం వస్తే పదేళ్లలో మీరు కట్టిన రూ.2.4 లక్షలు దాదాపు రూ.4.1 లక్షలవుతాయి. వస్తుందన్న హామీ లేదు. అందుకే పదేళ్ల ఓపిక అడుగుతున్నాం.

మార్కెట్ మీద ఇష్టం ఉంటే... జీతం ఇచ్చే దారులు

గీతలు చూస్తే నిజంగానే ఉత్సాహం వస్తుందా? దాన్ని చంపుకోనక్కర్లేదు. సెబీ ఏర్పాటు చేసిన ఎన్ఐఎస్ఎం సంస్థ మ్యూచువల్ ఫండ్లు, ఈక్విటీ డెరివేటివ్స్, డిపాజిటరీ కార్యకలాపాలు, రీసెర్చ్ అనలిస్ట్ వంటి విభాగాల్లో సర్టిఫికేషన్ పరీక్షలు నిర్వహిస్తుంది. బ్రోకింగ్, ఫండ్ సంస్థల్లో చాలా ఉద్యోగాలకు ఇవి తప్పనిసరి. వేలకు వేలు పోసే ‘ట్రేడింగ్ మాస్టర్ కోర్సు’ల కంటే ఈ పరీక్షల ఫీజు చాలా తక్కువ, రెజ్యూమెలో విలువ ఎక్కువ. సెబీలో గ్రేడ్-ఏ ఆఫీసర్ పోస్టులకు పీజీ, లా, ఇంజినీరింగ్ పట్టభద్రులు, సీఏ, సీఎస్ వంటివి పూర్తిచేసినవారు స్ట్రీమ్‌ను బట్టి పోటీపడొచ్చు. అర్హతల వివరాలు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. బ్యాంకు పరీక్షలు రాసేవారికీ ఎస్‌టీటీ, డెరివేటివ్స్, సెబీ నిబంధనలు జనరల్ అవేర్‌నెస్‌లో పనికొస్తాయి. పైథాన్, స్టాటిస్టిక్స్ తెలిసినవారికి మిమ్మల్ని ఓడిస్తున్న ఆ అల్గారిథమ్‌లు రాసే పనే దొరకొచ్చు.

రేపు ఉదయం తొమ్మిదింపావుకు మార్కెట్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. మీకు ఉద్యోగం వచ్చాక, నలభై ఏళ్లు వచ్చాక కూడా అదే సమయానికి తెరుచుకుంటుంది. అది ఎక్కడికీ పోదు. మీ నోటిఫికేషన్‌కు మాత్రం చివరి తేదీ ఉంటుంది. ఈ రెంటిలో ఏది ఆగగలదో చూసుకుని, ఆగలేనిదాన్ని ముందు అందుకోండి.